గని కోసం తరలుతున్న ఊరు: స్వీడన్‌లోని కిరునా ఎందుకు కదలాల్సి వచ్చింది

2025 ఆగస్టు 19, 20 తేదీల్లో స్వీడన్ ఉత్తర కొసన ఉన్న కిరునా పట్టణంలో 672 టన్నుల బరువున్న చెక్క చర్చిని గోడలు, పైకప్పు విప్పకుండా ఉన్నదున్నట్టుగా చక్రాల వాహనాల మీదికెక్కించి 5 కిలోమీటర్ల దూరం తీసుకెళ్లారు. వాహనాల వేగం గంటకు అర కిలోమీటరు నుంచి ఒకటిన్నర కిలోమీటరు మాత్రమే. 9 మీటర్ల వెడల్పున్న దారిని ఈ ఒక్క ప్రయాణం కోసం 24 మీటర్లకు విస్తరించారు. స్వీడన్ ప్రభుత్వ టెలివిజన్ ఆ రెండు రోజులూ దృశ్యాలను ప్రత్యక్షంగా చూపించింది. ఆ వీడియోలు తెలుగు నాట కూడా ఫోన్లలో విస్తృతంగా తిరిగాయి. కొందరు దీన్ని భూకంపం వల్ల జరిగిందనుకున్నారు. 2023 జనవరిలో ఇళ్లు బీటలు వారిన జోషీమఠ్‌లాగే ఇదీ కుంగుతున్న ఊరేనని మరికొందరు భావించారు.

ఈ రెండూ పూర్తిగా సరికావు. కిరునాలో నేల కదలిక అనుకోకుండా వచ్చిపడిన విపత్తు కాదు. ఇనుప ఖనిజాన్ని తవ్వే పద్ధతిని ఎంచుకున్నప్పుడే ఆ కదలిక కూడా ఖాయమైంది. ఏ వీధి ఏ సంవత్సరానికి ఖాళీ కావాలో గని ప్రణాళికలోనే లెక్కగట్టి ముందుగా చెబుతున్నారు.

సంక్షిప్తంగా

కిరునా 1900లో ఇనుప గని కోసం పుట్టిన పట్టణం. అక్కడి ఖనిజం నిలువుగా కాక ఏటవాలుగా ఊరి కిందికి దిగుతుంది. ఖనిజం తీసిన ఖాళీని తిరిగి నింపని పద్ధతిలో తవ్వుతున్నందున పైనున్న రాయి కూలుతూ, పగుళ్లు ఊరివైపు పాకుతున్నాయి. 2004లో తరలింపు సంగతి బయటపెట్టగా, 2022లో కొత్త పట్టణ కేంద్రం ప్రారంభమైంది. ఇళ్లు కోల్పోయేవారికి చట్టం ప్రకారం పరిహారం దక్కుతోంది. అయితే ఊరికంటే ముందు నుంచి అక్కడ రెయిన్‌డీర్లను మేపుతున్న సామీ ప్రజల దారులకు అదే చట్టంలో అంత స్పష్టమైన చోటు లేదు.

అందరికీ తెలిసినా ఎవరికీ అక్కరకు రాని కొండ

కిరునా ఆర్కిటిక్ వలయానికి ఉత్తరంగా సుమారు 145 కిలోమీటర్ల దూరంలో ఉంది. మే చివరి నుంచి జులై మధ్య వరకు అక్కడ సూర్యుడు అస్తమించడు, డిసెంబరులో కొన్ని వారాలపాటు ఉదయించడు. మున్సిపాలిటీ విస్తీర్ణం 20 వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది, అంటే పాత ఉమ్మడి అనంతపురం జిల్లా కంటే కొంచెం పెద్దది. అంత నేల మీద ఉన్న జనాభా 23 వేలకు మించదు. సామీ భాషలో ఈ ఊరిని గిరోన్ అంటారు. శీతాకాలంలో మంచు రంగులోకి మారిపోయే ఒక కొండ పక్షికి ఆ భాషలో ఉన్న పేరు అది. కీరునావారా అంటే ఆ పక్షి కొండ. దాని ఎదురుగా ఉన్న లుయొస్సావారా అంటే సాల్మన్ చేపల కొండ. ఈ రెండు కొండల పేర్లను కలిపి 1890లో ఒక గని కంపెనీ పెట్టారు. ఎల్‌కేఏబీ అనే పొడి అక్షరాలతో ప్రసిద్ధమైన ఆ కంపెనీయే ఇప్పటికీ గని నడుపుతోంది.

ఆ కొండల్లో ఇనుము ఉందన్న సంగతి 17వ శతాబ్దం చివరికే రాతల్లోకి ఎక్కింది. అయినా దాదాపు 200 ఏళ్లపాటు దాన్ని ఎవరూ పెద్దగా ముట్టుకోలేదు. దూరం, చలి, దారులు లేకపోవడం అందుకు కొంతవరకు కారణాలే గానీ అసలు అడ్డంకి ఖనిజంలోనే ఉంది. కిరునాలో దొరికే మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజంలో ఇనుము 60 శాతం దాటినా, దాంతోపాటు అపటైట్ అనే ఖనిజ రూపంలో భాస్వరం కలిసి ఉంటుంది. భాస్వరం మిగిలిపోయిన ఉక్కు చలిలో పెళుసుబారి, దెబ్బ తగిలితే విరిగిపోతుంది. 19వ శతాబ్దం మధ్యలో వచ్చిన బెస్సెమర్ కొలిమి ఉక్కును చౌక చేసింది కానీ, దాని లోపలి పూత ఆమ్ల స్వభావం కలది కావడంతో భాస్వరాన్ని బయటికి లాగలేకపోయింది.

1870ల చివర ఇంగ్లండ్‌లో సిడ్నీ గిల్‌క్రిస్ట్ థామస్, ఆయన బంధువు పెర్సీ గిల్‌క్రిస్ట్ కలిసి కొలిమి లోపల డోలమైట్ వంటి క్షార గుణమున్న పూత వేసి, కరిగిన ఇనుములో సున్నం కలిపితే భాస్వరం చిట్టెంలోకి వెళ్లిపోతుందని నిరూపించారు. ఆ చిట్టెం పొలాలకు ఎరువుగా కూడా పనికొచ్చింది. పనికిరాదనుకున్న కీరునావారా కొండ అలా కొలిమి పూత మారడంతో ఐరోపాలోకెల్లా విలువైన ఇనుప నిల్వల్లో ఒకటైంది. కొండలో ఏమీ మారలేదు, మారింది దాన్ని వాడుకునే విద్య. ఈ భాస్వరం నేటి కిరునా గురించిన చర్చలోకి మళ్లీ వచ్చిన తీరు చివర్లో కనిపిస్తుంది.

ముందు రైలు, తర్వాత ఊరు

ఖనిజం విలువైనదైతే చాలదు, ఓడకు చేరాలి. స్వీడన్ తూర్పు తీరంలోని లూలియో రేవు ఉన్న బోత్నియా సింధుశాఖ చలికాలంలో గడ్డకడుతుంది. పశ్చిమాన నార్వే తీరంలోని నార్విక్ అంతకంటే ఉత్తరాన ఉన్నా, అట్లాంటిక్ మీదుగా వచ్చే వెచ్చని సముద్ర ప్రవాహం వల్ల ఏడాదంతా గడ్డకట్టదు. కాబట్టి కొండలు తొలిచి నార్విక్‌కు రైలు మార్గం వేయడం తప్పనిసరైంది. అప్పట్లో స్వీడన్, నార్వే ఒకే రాజు కింద ఉండటం ఇందుకు కలిసొచ్చింది. 1899లో రైలు కిరునాకు చేరింది. 1902 చివర ఖనిజం నార్విక్‌కు వెళ్లడం మొదలైంది. 1903 జులైలో రెండో ఆస్కార్ రాజు ఆ మార్గాన్ని లాంఛనంగా ప్రారంభించారు. మరో రెండేళ్లకు 1905లో ఆ రెండు దేశాలు విడిపోయాయి, రైలు మార్గం మాత్రం సరిహద్దు దాటుతూనే ఉంది.

ఉత్తరాంధ్ర పాఠకులకు ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. బైలాడిలా కొండల ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపేందుకు 1960లలో కిరండూల్ నుంచి అరకు కొండల మీదుగా విశాఖ రేవు వైపు వేసిన కేకే లైను వెనుక ఉన్న లెక్క కూడా ఇదే: మారుమూల కొండ, ఎప్పుడూ తెరిచి ఉండే రేవు, ఆ రెంటినీ కలిపే సొరంగాల దారి. తేడా ఒక్కటే, కిరునాలో ఆ పని 60 ఏళ్లు ముందు జరిగింది. 1915 నాటికే పోర్యుస్ జలవిద్యుత్ కేంద్రం కరెంటుతో కిరునా నుంచి నార్వే సరిహద్దు వరకు రైళ్లు నడిచాయి. నేడు 68 వ్యాగన్లతో, 8 వేల టన్నులకు పైగా బరువుతో నార్విక్ వైపు కిందికి దిగే రైలు బ్రేకు వేసే క్రమంలో కరెంటును పుట్టించి తీగల్లోకి తిరిగి పంపుతుంది. ఈ ఒంటి లైను ఎంత కీలకమో 2023 డిసెంబరులో తెలిసివచ్చింది. ఖనిజం రైలు పట్టాలు తప్పడంతో మార్గం నెలలపాటు మూతపడి, గని దగ్గర సరుకు పేరుకుపోయింది.

గాలికి వంగిన వీధులు

దక్షిణాన 100 కిలోమీటర్లలోపు దూరంలో ఉన్న మల్మ్‌బెరియెట్‌లో అప్పటికే గని పని మొదలై, కార్మికులు పెట్టెల చెక్కలతో కట్టుకున్న గుడిసెల్లో బతుకుతున్నారు. అక్కడి తాగుడు, రోగాలు, అగ్నిప్రమాదాల భయం దేశమంతా తెలుసు. కిరునా గని తొలి అధిపతి, భూవిజ్ఞాని యాల్మార్ లుండ్‌బూమ్ అదే అవస్థ తన ఊళ్లో రాకూడదనుకుని, గని పెరగకముందే పట్టణ నమూనా గీయించారు. 1900లో పుట్టిన ఆ పట్టణ ప్రణాళిక పెర్ ఊలోఫ్ హల్మన్‌ది.

హల్మన్ వీధులను తిన్నగా గీయలేదు. కొండవాలును అనుసరించి వంపులు తిప్పారు. తిన్నని వీధి ఉంటే ధ్రువపు గాలి గొట్టంలోంచి దూసుకొచ్చినట్టు వస్తుంది, వంపు వీధిలో దాని వేగం విరుగుతుంది. ఊరిని లోయలో కాక వాలు మీద నిలపడంలోనూ ఆలోచన ఉంది. గాలి కదలని చలికాలపు రోజుల్లో బరువైన చల్లగాలి పల్లంలోకి జారి చేరుతుంది కాబట్టి వాలు మీద పల్లం కంటే వెచ్చగా ఉంటుంది. కార్మికుల కోసం కట్టిన చెక్క ఇళ్లను వాటి ఆకారాన్ని బట్టి సిరాబుడ్డి ఇళ్లని పిలిచేవారు. 1907 నుంచి 1958 దాకా ఆ చలిలో ట్రాము కూడా నడిచింది.

1912లో పూర్తయిన చర్చి ఈ ఆలోచనలకు కొనసాగింపే. వాస్తుశిల్పి గుస్టాఫ్ విక్‌మన్ దాన్ని సామీ ప్రజల గుడారపు ఆకారాన్ని తలపించేలా గీశారు. లోపలి పీఠం మీది చిత్రాన్ని చిత్రకారుడైన రాకుమారుడు యూజెన్ వేశారు. అందులో శిలువ మీది క్రీస్తు కనిపించడు, ఎండలో మెరుస్తున్న చెట్లు ఉంటాయి. ఏడాదిలో చాలా రోజులు చీకట్లో ఉండే ఊరికి ఆ బొమ్మ ఎందుకు నచ్చిందో ఊహించడం కష్టం కాదు. 2025 ప్రయాణంలో ఆ చిత్రాన్ని, 2 వేలకు పైగా గొట్టాలున్న ఆర్గాన్ అనే సంగీత వాద్యాన్ని కదలకుండా కట్టి లోపలే ఉంచి తీసుకెళ్లారు.

యుద్ధం, ప్రభుత్వం, సమ్మె

రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యేనాటికి స్వీడన్ నుంచి జర్మనీకి ఏటా కోటి టన్నుల మేర ఇనుప ఖనిజం వెళుతోంది. చలికాలంలో అందులో ముఖ్యభాగం నార్విక్ మీదుగా సాగేది. 1940 ఏప్రిల్ 9న జర్మన్ సేనలు నార్విక్‌లో దిగడానికి, మిత్రరాజ్యాలు అదే ఊరి కోసం రెండు నెలలు పోరాడటానికి మూలం కిరునా ఖనిజమే. కిరునాలో యుద్ధం జరగలేదు. ఆ ఖనిజం కోసం జరిగిన పోరులో నార్విక్ ధ్వంసమైంది.

గని యాజమాన్యం కూడా క్రమంగా మారింది. 1907లో స్వీడన్ ప్రభుత్వం సగం వాటా తీసుకుంది. 1957లో దాదాపు మొత్తం కొనేసింది. ఆ దేశంలో అప్పుడు అధికారంలో ఉన్నది కార్మికుల పక్షమని చెప్పుకునే సోషల్ డెమోక్రాట్లు. ప్రభుత్వమే యజమాని అయితే కార్మికుడికి న్యాయం జరుగుతుందన్న నమ్మకాన్ని 1969 డిసెంబరు 9న మొదలైన సమ్మె గట్టిగా కుదిపింది. యూనియన్ అనుమతి లేకుండానే సుమారు 5 వేల మంది కార్మికులు పని ఆపేశారు. జీతాలతో పాటు ప్రతి కదలికను సెకన్లలో కొలిచే పని కొలమానాల మీద, భూగర్భంలో పెరిగిన డీజిల్ పొగ మీద వారి కోపం. 57 రోజులు సాగిన ఆ సమ్మె స్వీడన్ కార్మిక చట్టాల మీద, పని పరిస్థితుల చర్చ మీద చాలాకాలం నీడలా నిలిచింది. 1970ల ఉక్కు సంక్షోభం తర్వాత ఉద్యోగాలు తగ్గి, 30 వేలు దాటిన మున్సిపాలిటీ జనాభా 23 వేల దరిదాపుల్లోకి పడిపోయింది.

ఊరు గని మీదే పూర్తిగా ఆధారపడకూడదన్న ప్రయత్నాల్లో అంతరిక్ష పరిశోధన ఒకటి. 1957లో మొదలైన భూభౌతిక పరిశోధనశాల, 1966లో వెలసిన ఎస్‌రేంజ్ రాకెట్ కేంద్రం అందుకు గుర్తులు. 2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుంచి బయలుదేరిన చంద్రయాన్-1లో చంద్రుడి ఉపరితలం నుంచి తిరిగొచ్చే పరమాణువులను కొలిచిన సారా పరికరాన్ని కిరునాలోని అంతరిక్ష భౌతికశాస్త్ర సంస్థ, విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం కలిసి రూపొందించాయి.

ఖనిజం ఊరి కిందికి దిగే తీరు

ఇక ఊరు ఎందుకు కదలాలన్నది. కీరునావారా ఖనిజం రాతి పొరల మధ్య ఏటవాలుగా నిలబెట్టిన పెద్ద పలకలా ఉంటుంది. దాని పొడవు సుమారు 4 కిలోమీటర్లు, మందం సగటున 80 మీటర్లు, లోతు కనీసం 2 కిలోమీటర్లు. ఈ పలక నిలువుగా లేదు, సుమారు 60 డిగ్రీల వాలుతో తూర్పు వైపుకు, అంటే ఊరి వైపుకు దిగుతుంది. జ్యామితి లెక్కన చూస్తే గని 100 మీటర్లు లోతుకు వెళ్లినప్పుడల్లా ఖనిజం దాదాపు 58 మీటర్లు ఊరి దిశగా జరుగుతుంది.

తొలి దశాబ్దాల్లో కొండను పైనుంచే మెట్లుమెట్లుగా తవ్వారు. కొండ శిఖరం అలాగే మాయమైంది. 1960ల మొదట్లో పని పూర్తిగా భూగర్భంలోకి మారింది. అక్కడ వాడేది సబ్‌లెవెల్ కేవింగ్ అనే పద్ధతి. ఖనిజంలోకి అంచెలంచెలుగా సొరంగాలు తొలుస్తారు. ప్రతి సొరంగం నుంచి పైకి విసనకర్ర ఆకారంలో రంధ్రాలు వేసి, మందు నింపి పేలుస్తారు. రాలిన ఖనిజాన్ని లోడర్లు ఎత్తి నిలువు బావుల్లో పోస్తే, అడుగున డ్రైవర్ లేని రైళ్లు దాన్ని క్రషర్లకు చేరుస్తాయి. ఖనిజం పోయిన ఖాళీలోకి పైగోడ రాయి, అంటే ఏటవాలు పలకకు పై వైపున ఉన్న రాయి, దానంతటదే కూలి నిండుతుంది. కూలడం ఈ పద్ధతిలో లోపం కాదు, పద్ధతే అది. రోజూ అర్ధరాత్రి దాటాక ఒకటిన్నర ప్రాంతంలో పేలుళ్లు జరిగినప్పుడు ఊళ్లో మంచాలు సన్నగా అదురుతాయి, కిటికీ అద్దాలు కదులుతాయి. పుట్టినప్పటి నుంచీ అలవాటైనవారికి నిద్రాభంగం కూడా కాదు.

సింగరేణి ప్రాంతం వారికి ఇక్కడొక ప్రశ్న రావడం సహజం. పైన ఊరో, రైలు కట్టో ఉన్నచోట బొగ్గు స్తంభాలను తీసేటప్పుడు ఖాళీలోకి నీటితో కలిపిన ఇసుకను పంపి నింపే స్టోయింగ్ విధానం మన భూగర్భ గనుల్లో దశాబ్దాలుగా ఉంది. కిరునాలో అలా ఎందుకు నింపరు? పలక మందం 80 మీటర్లు కావడం, ఏటా రెండు కోట్ల టన్నులకు పైగా ఖనిజం తీయాల్సి రావడం ఇందుకు కారణాలు. అంత ఖాళీని సిమెంటు కలిపిన రాతి పొడితో నింపుతూ పోతే టన్ను ఖర్చు పెరిగి, ఖనిజం గిట్టుబాటు కాదన్నది కంపెనీ వాదన. ఊరిని కదిలించడమే చౌక అన్న నిర్ణయం ఈ లెక్కలోంచి వచ్చింది. తరలింపును ప్రకృతి విధించిన తప్పనిసరిగా కాక, ధరల లెక్క మీద తీసుకున్న నిర్ణయంగా చూడటమే వాస్తవానికి దగ్గర.

గని లోతును కొండ పాత శిఖరం నుంచి కొలుస్తారు. 1990ల చివర నాటికి ప్రధాన రవాణా స్థాయి 1045 మీటర్లు. 2008లో 1365 మీటర్ల స్థాయికి వెళ్లాలని కంపెనీ నిర్ణయించింది. అంతకు నాలుగేళ్ల ముందే, 2004లో, పట్టణ కేంద్రం కొంత భాగం ఖాళీ కావాల్సి ఉంటుందని మున్సిపాలిటీకి లేఖ రాసింది. అప్పటి నుంచి నేలమీద అమర్చిన కొలత గుర్తులు, ఉపగ్రహ రాడార్ చిత్రాలు ప్రతి మిల్లీమీటరు కదలికను నమోదు చేస్తున్నాయి. పగుళ్లు చేరడానికి ముందే ఆ వీధిని ఖాళీ చేసి, ఇళ్లు తీసేసి, కొన్నాళ్లు ఉద్యానంగా ఉంచి, ఆ తర్వాత కంచె వేస్తారు. జోషీమఠ్‌కూ కిరునాకూ ఉన్న అసలు తేడా ఇది. అక్కడ పగుళ్లు ముందు వచ్చాయి, కారణాల మీద వాదన తర్వాత మొదలైంది. ఇక్కడ కారణం మొదటే తెలుసు, తేదీ కూడా తెలుసు.

అన్నీ లెక్క ప్రకారమే జరుగుతాయని కాదు. 2020 మే 18 తెల్లవారుజామున గనిలో 4.9 తీవ్రతతో ప్రకంపన వచ్చింది. గని తవ్వకం వల్ల స్వీడన్‌లో నమోదైన వాటిలో అదే అతిపెద్దది. లోతు పెరిగే కొద్దీ రాతి మీది ఒత్తిడి ఎలా ప్రవర్తిస్తుందో అంతకుముందు వేసిన అంచనాలను దాంతో మళ్లీ సరిచూసుకోవాల్సి వచ్చింది.

ఎవరికి ఏమిచ్చారు

స్వీడన్ ఖనిజ చట్టం ప్రకారం గని వల్ల జరిగిన నష్టానికి గని యజమానే బాధ్యుడు. కిరునాలో సొంత ఇల్లు ఉన్నవారికి రెండు దారులు ఇచ్చారు: మార్కెట్ ధర మీద 25 శాతం కలిపిన సొమ్ము, లేదా కొత్త చోట అదే స్థాయి ఇల్లు. భారత భూసేకరణ చట్టం 2013 ప్రకారం మార్కెట్ విలువ మీద నూరు శాతం సొలేషియం, అంటే అదనపు పరిహారం, ఇవ్వాలి కాబట్టి కాగితం మీద మన నిబంధనే ఉదారంగా కనిపిస్తుంది. ఆచరణలో తేడా మూల ధర లెక్కించే తీరులోనూ, సొమ్ముకు బదులు సిద్ధమైన ఇల్లు అందడంలోనూ ఉంది. పునరావాస కాలనీ తయారయ్యేలోపే ముంపు గ్రామాలు ఖాళీ చేయాల్సి రావడం ఎలాంటిదో శ్రీశైలం, పోలవరం చరిత్రలు చూసినవారికి తెలుసు. కిరునాలో కొత్త కేంద్రం 2022 సెప్టెంబరులో ప్రారంభమయ్యాకే పాత కేంద్రం దుకాణాలు మూతపడ్డాయి.

ఇబ్బంది లేదనలేం. అద్దెకున్నవారు కొత్త ఫ్లాట్లలో ఎక్కువ అద్దె కట్టాలి. పెంపును కొన్నేళ్లపాటు విడతలుగా వేస్తున్నా అది పెంపే. పాత ఊరు హల్మన్ గీసిన వాలు మీద ఉంటే కొత్త కేంద్రం దానికి 3 కిలోమీటర్ల తూర్పున, పల్లపు నేల మీద, ఎత్తైన భవనాలు, తిన్నని వీధులతో ఉంది. చలికాలపు రోజుల్లో ఇక్కడ పాత ఊరి కంటే 10 డిగ్రీల వరకు ఎక్కువ చలి ఉండవచ్చని గొథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కగట్టారు. నూరేళ్ల క్రితం తెలిసిన పాఠాన్ని కొత్త పటం గీసినవారు వదిలేయడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే వివరణ దొరకని అంశం.

ఏ కట్టడాన్ని వెంట తీసుకెళ్లాలన్నదీ చిన్న ప్రశ్న కాదు. లుండ్‌బూమ్ నివసించిన ఇల్లు, కొన్ని సిరాబుడ్డి ఇళ్లు, చర్చి తరలాయి. 1963లో ప్రారంభమై, ఉత్తమ నిర్మాణానికి ఇచ్చే జాతీయ పురస్కారం పొందిన పురభవనాన్ని మాత్రం కూల్చేశారు. దాని ఇనుప గడియార స్తంభం ఒక్కటి కొత్త పురభవనం ముందు నిలిచింది. శ్రీశైలం జలాశయం కింద మునిగే కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ అంకె వేసి, విప్పి, అలంపురంలో మళ్లీ పేర్చిన సంగతి ఇక్కడ గుర్తుకు వస్తుంది. రాతి గుడిని విప్పవచ్చు గానీ మొత్తంగా ఎత్తలేం. చెక్క చర్చి ఒకే చట్రంగా బిగిసి ఉంటుంది కాబట్టి ఎత్తడమే దానికి క్షేమం.

లెక్కలోకి రాని దారులు

ఈ పరిహారాలన్నీ ఇల్లు, స్థలం, దుకాణం ఉన్నవారికి. ఊరు పుట్టకముందు నుంచి అక్కడ రెయిన్‌డీర్లను మేపుతున్న సామీలకు అలాంటి ఆస్తి పత్రం లేదు. ఊరికి ఒకవైపు గబ్నా, మరోవైపు లావాస్ అనే పశుపాలక సముదాయాలు ఉన్నాయి. రెయిన్‌డీర్లు చలికాలంలో తూర్పున అడవుల్లో నాచు మేసి, వేసవికి పశ్చిమాన కొండల్లోకి వెళ్తాయి. ఆ రాకపోకల మధ్య గని, రైలు మార్గం, ఈ-10 అనే రహదారి, పట్టణం ఒకదాని తర్వాత ఒకటి వచ్చి చేరాయి. మేత నేల చదరపు కిలోమీటర్లలో ఎంత మిగిలిందన్నది ఒక్కటే చూస్తే అసలు విషయం పట్టుబడదు. రెండు మేతల మధ్య దారి తెగితే రెండు వైపులా ఎంత నేల ఉన్నా మంద బతకదు. ఊరు తూర్పుకు జరిగిన ప్రతిసారీ గని వల్ల ఒకసారి, ఊరి కొత్త చోటు వల్ల మరోసారి, సామీలకు రెండు దెబ్బలు తగులుతాయి. పరిహార చట్టం మొదటి నష్టాన్ని కొంత చూస్తుంది గానీ రెండోదాన్ని దాదాపు చూడదు.

మల్మ్‌బెరియెట్‌ది ఇదే బాటలో మరో ఉదాహరణ. అక్కడ నేల కుంగి ఏర్పడిన పెద్ద గొయ్యి పట్టణాన్ని నడిమికి చీల్చింది, ఊరు క్రమంగా పక్కనున్న యెల్లివారేలో కలిసిపోతోంది. ఉత్తరాన స్వాల్బార్డ్ దీవుల్లో సోవియట్ బొగ్గు ఊరు పిరమిడెన్ 1998లో గని మూతపడగానే ఖాళీ అయింది. ఆర్కిటిక్‌లో గని ఊరు అయితే ఖనిజం గిట్టుబాటు కాక చచ్చిపోతుంది, లేదా కిరునాలా ఖనిజం మరీ గిట్టుబాటు అవడం వల్ల కదులుతుంది.

మళ్లీ భాస్వరం

ఐరోపా సమాఖ్యలో తవ్వే ఇనుప ఖనిజంలో సుమారు 80 శాతం ఎల్‌కేఏబీదే. 2023 జనవరిలో ఆ కంపెనీ ప్రస్తుత గనికి ఉత్తరంగా ఉన్న పెర్ యేయర్ నిక్షేపంలో 10 లక్షల టన్నులకు పైగా అరుదైన మృత్తిక ఆక్సైడ్లు ఉన్నాయని ప్రకటించింది. అప్పటికి తెలిసిన వాటిలో ఐరోపాలో అదే పెద్దది. విద్యుత్ కార్ల మోటార్లకు, పవన టర్బైన్లకు కావాల్సిన అయస్కాంతాలు ఈ మూలకాలతోనే తయారవుతాయి. వీటి శుద్ధిలో చైనా ఆధిపత్యం తెలిసిందే. ఇవి దొరికేది అపటైట్‌లో, అంటే 1870ల ముందు ఈ కొండను ఎవరికీ అక్కరకు రానివ్వని భాస్వరపు ఖనిజంలోనే. ఇప్పుడు ఆ భాస్వరాన్ని ఎరువుగా, దాంతో ఉన్న అరుదైన మూలకాలను వేరుగా అమ్మాలన్నది ప్రణాళిక. 2025 మార్చిలో ఐరోపా సమాఖ్య దీన్ని వ్యూహాత్మక ప్రాజెక్టుల జాబితాలో చేర్చింది.

ఈ హోదా అనుమతుల వేగాన్ని పెంచుతుంది. గబ్నా సముదాయానికి మిగిలిన వలస దారి సరిగ్గా ఆ నిక్షేపం ఉన్న వైపే ఉంది. పశ్చిమాన పాత గని, తూర్పున పట్టణం, మధ్యలో మిగిలిన ఆ సన్నని పట్టీ మీద కొత్త గని తెరిస్తే తమ మందలకు తూర్పు పడమరల మధ్య దారి ఉండదని ఆ సముదాయం చెబుతోంది. పెట్రోలు వాడకం తగ్గించే అయస్కాంతాల కోసం, పెట్రోలు అవసరం లేని పాత జీవనాన్ని వదులుకోవాలా అన్నది ఇక్కడ న్యాయస్థానాల ముందుకు రానున్న ప్రశ్న.

చర్చి కొత్త చోటు చేరిన వారం తిరిగేసరికి, 2025 ఆగస్టు చివర, కంపెనీ కొత్త ప్రభావ రేఖను, అంటే గని వల్ల నేల కదిలే ప్రాంతపు హద్దును, ప్రకటించింది. తొలి విడతలో సుమారు 3 వేల ఇళ్లు, 6 వేల మంది తరలింపు లెక్కలో ఉండగా, ఇప్పుడు దానికి మరో 2,700 ఇళ్లు, ఇంకో 6 వేల మంది చేరారు. పరిహారం కోసం 2 వేల కోట్ల స్వీడిష్ క్రోనార్లకు పైగా పక్కన పెట్టామని కంపెనీ అంటోంది. 1365 మీటర్ల స్థాయి కింద ఖనిజపు పలక ఇంకా దిగుతూనే ఉంది, ఊరి వైపే.